బాకీ ఎవరికి కట్టాలి?

అమెరికాలో వర్జీనియా రాష్ట్రానికి నైరుతి కొసన, నార్త్ కరోలినా సరిహద్దుకు దగ్గరగా గ్రేసన్ హైలాండ్స్ అనే కొండల పార్కు ఉంది. రాష్ట్రంలోకెల్లా ఎత్తయిన మౌంట్ రోజర్స్ శిఖరం, 5,729 అడుగులది, దాని పక్కనే. స్వేచ్ఛగా తిరిగే పొట్టి గుర్రాల్ని చూడడానికి జనం వచ్చే ఆ చోట జూన్‌లో ఒక శనివారం గిటార్లు, ఫిడేళ్లు, బాంజోలు మోగుతాయి. 1995లో మొదలైన ఆ ఉత్సవానికి వేన్ హెండర్సన్ పేరు పెట్టారు. గిటార్ పోటీలో గెలిచినవాళ్లకు హెండర్సన్ తన చేత్తో చేసిన గిటారే బహుమతి. ఉత్సవం మీద వచ్చిన డబ్బు సంప్రదాయ సంగీతం నేర్చుకునే కుర్రవాళ్లకు స్కాలర్‌షిప్పులుగా వెళ్తుంది.

హెండర్సన్ 1947లో అక్కడికి దగ్గర్లోని రగ్బీలో పుట్టారు. వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని ఇళ్లున్న పల్లె అది. మూడు దశాబ్దాలకు పైగా ఆ కొండదారుల్లో ఉత్తరాలు పంచారు. తక్కిన పొద్దంతా గిటార్లు చేశారు, వాయించారు. ఎరిక్ క్లాప్టన్ అంతటి వాయిద్యకారుడు ఆయన చేతి గిటార్ కోసం ఏళ్ల తరబడి ఆగాడు. ఆ గిటార్ తయారైన కథ మీద 2005లో ఒక పుస్తకమే వచ్చింది. జానపద కళాకారులకు అమెరికా ప్రభుత్వం ఇచ్చే అత్యున్నత గౌరవం, నేషనల్ హెరిటేజ్ ఫెలోషిప్, 1995లో ఆయనకు దక్కింది. ఇంతటి మనిషిని గౌరవించాలంటే విగ్రహం పెట్టవచ్చు, సన్మానం చేయవచ్చు, డబ్బు మూటగట్టి చేతిలో పెట్టవచ్చు. చుట్టుపక్కలవాళ్లు ఎంచుకున్న దారి వేరు. ఆయన పేరు మీద డబ్బు పోగుచేసి, దాన్ని ఆయనకు కాకుండా ఎవరో పిల్లలకు ఇస్తున్నారు. ఆ పిల్లల్లో కొందరికి ఆయనతో ముఖపరిచయం కూడా ఉండకపోవచ్చు.

మంచిపనే. అయితే ఇందులో పాతకాలపు ధర్మసందేహం ఒకటి దాగి ఉంది. ఒకరి దగ్గర పుచ్చుకున్నదాన్ని మరొకరికి చెల్లిస్తే ఆ బాకీ తీరుతుందా?

కాళిదాసు రఘువంశం అయిదో సర్గలో కౌత్సుడి కథ చెప్పాడు. వరతంతు మహర్షి దగ్గర చదువు ముగించిన కౌత్సుడు గురుదక్షిణ ఏమివ్వమంటారని అడిగాడు. నీ సేవే చాలు నాయనా, వెళ్లిరమ్మన్నాడు గురువు. శిష్యుడు వినలేదు. పట్టుబట్టాడు. విసిగిపోయిన గురువు, నేర్పిన విద్యలు పద్నాలుగు కాబట్టి పద్నాలుగు కోట్లు తెమ్మన్నాడు. కౌత్సుడు రఘుమహారాజు దగ్గరికి వెళ్తే, విశ్వజిద్యాగంలో ఉన్నదంతా దానం చేసేసిన రాజు మట్టిపాత్రలో అర్ఘ్యం పట్టుకుని ఎదురొచ్చాడు. చివరకు కుబేరుడు కనకవర్షం కురిపించాడు. అంతా తీసుకోమన్నాడు రాజు. గురువుకివ్వాల్సిన దానికి మించి ఒక్క నాణెం ముట్టనన్నాడు కౌత్సుడు. ఇచ్చేవాడి ఔదార్యాన్నీ పుచ్చుకునేవాడి నిగ్రహాన్నీ అయోధ్య జనం కలిపి మెచ్చుకున్నారంటాడు కవి.

కథలో అందరూ గొప్పవాళ్లే. అయినా గురువు మొదట అన్న మాటే సరైనదనిపిస్తుంది. ఆయనకు డబ్బు అక్కర్లేదు. డబ్బు ఇచ్చి తీరాలన్న తహతహ శిష్యుడిది. బాకీ తీర్చేసి తేలికపడాలన్న కోరిక అది. విద్య విషయంలో అలా తేలికపడడం అసలు మంచిదేనా అన్నది వేరే ప్రశ్న.

హెండర్సన్‌కు విద్య ఎలా వచ్చిందో చూస్తే ఈ ప్రశ్న మరింత పదునెక్కుతుంది. ఆయన చిన్నతనంలో ఆ చుట్టుపక్కల ఎస్టిల్ బాల్ అనే భక్తిగీతాల గాయకుడుండేవారు. అందరూ ఈసీ బాల్ అనేవారు. చిల్లరకొట్టు నడిపేవారు, స్కూలు బస్సు తోలేవారు. జానపద గీతాలు సేకరిస్తూ తిరిగిన అలన్ లోమాక్స్ 1941లో ఒకసారి, 1959లో మరోసారి వచ్చి ఆయన పాటలు రికార్డు చేసుకున్నారు. బాల్ దగ్గరున్న మార్టిన్ గిటార్ పిల్లవాడైన హెండర్సన్ కంటబడింది. అలాంటిది కొనే స్తోమత లేదు. తానే చేసుకోవాలనుకున్నాడు. సొరుగు అడుగు పలకను ఊడదీసి, దొరికిన జిగురుతో అతికించి ఒక గిటార్ తయారుచేశాడు. ఎండ వేడికి అది ఎక్కడికక్కడ విడిపోయింది. కొడుకు ముఖం చూడలేక తండ్రి అతన్ని ఆల్బర్ట్ హాష్ దగ్గరికి తీసుకెళ్లారు.

హాష్ మెషినిస్టు. ఆ కొండల్లో పేరున్న ఫిడేలు తయారీదారు. ఆయన ఆ కుర్రవాడికి ధైర్యం చెప్పి, పనికొచ్చే కలప చూపించి, ఎలా వంచాలో ఎలా అతకాలో చెప్పారు. ఫీజు మాట రాలేదు. హెండర్సన్ తర్వాతి కాలంలో ఎన్ని వందల గిటార్లు చేసినా హాష్ పేరు చెప్పడం మానలేదు. హాష్ తన చివరి రోజుల్లో వైట్‌టాప్‌లోని మౌంట్ రోజర్స్ స్కూల్లో పిల్లలకు తీగవాయిద్యాలు నేర్పే కార్యక్రమం మొదలుపెట్టించారు. 1983లో ఆయన పోయారు. పాఠాలు ఆగలేదు, ఆయన బృందంలోని తోటి వాయిద్యకారులు అందుకున్నారు.

మరి హాష్‌కు హెండర్సన్ ఎంత బాకీ? కలప ముక్క ఖరీదు కడితే తీరేది కాదు. హాష్ పోయాక తిరిగివ్వడానికి మనిషే లేరు.

ఇక్కడ వేదం చెప్పిన ఒక మాట అక్కరకొస్తుంది. తైత్తిరీయ సంహిత బ్రాహ్మణుడు మూడు ఋణాలతో పుడతాడంటుంది. దేవతల ఋణం యజ్ఞంతో తీరుతుంది. పితరుల ఋణం సంతానంతో తీరుతుంది. ఋషుల ఋణం బ్రహ్మచర్యంతో, అంటే చదువుతో తీరుతుంది. మూడోదాన్ని కాస్త నిలబడి చూడాలి. ఋషికి ఏదో ఇవ్వమని వేదం అనలేదు. ఆయన చూసిన మంత్రాన్ని నువ్వు చదువు, అదే చెల్లింపు అంది. పితరుల విషయమూ అంతే, బాకీ వెనక్కి కాకుండా ముందుకు కదులుతుంది. తాతకు పడ్డ బాకీ మనవడి పుట్టుకతో తీరుతుంది.

ఈ లెక్కన హెండర్సన్ పేరు మీద స్కాలర్‌షిప్పు కౌత్సుడి దక్షిణ కన్నా సరైన చెల్లింపు. పోగైన డబ్బు గురువు ఇంటికి చేరదు, చదువు జరిగేచోటికి చేరుతుంది. అయితే ఆ డబ్బు ఋణం తీర్చదు. దాన్ని పుచ్చుకున్న పిల్ల కూర్చుని సాధన చేస్తే అప్పుడు తీరుతుంది. చెక్కు రాసిన దాత దారి మాత్రం వేస్తాడు. విరాళాల సభల్లో ఈ తేడాను ఎవరూ చెప్పరు గానీ, చెప్పాలి.

హెండర్సన్ ఇంట్లోనే దీనికి మంచి ఉదాహరణ ఉంది. ఆయన కూతురు జేన్ పర్యావరణ న్యాయశాస్త్రం చదివారు. అమెరికాలో లక్షలమందికి మిగిలినట్టే ఆమెకూ చదువుతోపాటు అప్పు మిగిలింది. ఒక గిటార్ చేసిపెట్టు నాన్నా, అమ్మి అప్పు కట్టేస్తానని తండ్రిని అడిగారు. ఆయన గిటార్ ఒక్కటికి పలికే ధర తెలిసినవాళ్లకు అది పెద్ద కోరికేమీ కాదు. ఆయన కాదనలేదు, ఔననలేదు. నువ్వే చెయ్యి, నేను నేర్పిస్తానన్నారు. ఆమె తండ్రి కార్ఖానాలో కూర్చుని నేర్చుకున్నారు. ఇవాళ ఆమె స్వయంగా పేరున్న గిటార్ల తయారీదారు.

అయితే ఈ విరాళాల వ్యవహారం మొత్తాన్నే అనుమానించిన గొంతు ఒకటుంది. అది బయటినుంచి రాలేదు. ఈ సంగీతం పుట్టిపెరిగిన కొండ చర్చిలలోనే వినిపించింది, కాబట్టి దాన్ని తేలిగ్గా తోసిపుచ్చకూడదు.

1827లో నార్త్ కరోలినాలోని కెహుకీ బాప్టిస్టు సంఘం ఒక తీర్మానం చేసింది. మిషనరీ సొసైటీలు, బైబిల్ సొసైటీలు, మతబోధకుల్ని తయారుచేసే సెమినరీలు, వాటిని నడపడానికి జనం దగ్గర డబ్బు అడుక్కునే పద్ధతులు తమకు వద్దని తేల్చిచెప్పింది. ఆ ధోరణివాళ్లకే తర్వాత ప్రిమిటివ్ బాప్టిస్టులని పేరు స్థిరపడింది. వాళ్ల చర్చిలు ఈ అప్పలాచియన్ కొండల్లో గట్టిగా వేళ్లూనాయి. వాళ్ల వాదం సూటిగా ఉంటుంది. దేవుడి కృప ఎవరూ సంపాదించుకునేది కాదు, ఎవరూ తిరిగి చెల్లించేదీ కాదు. బోధించే శక్తి దేవుడిస్తే దానికి కాలేజీ అక్కర్లేదు. ఇవ్వకపోతే కాలేజీ తేలేదు. అందుకే వాళ్ల బోధకులు జీతం తీసుకోరు. వారమంతా పొలంలోనో గనిలోనో పనిచేసి ఆదివారం చర్చిలో నిలబడతారు. తూర్పు కెంటకీలోని ఓల్డ్ రెగ్యులర్ బాప్టిస్టులదీ ఇదే తీరు. వాయిద్యం లేకుండా పెద్దాయన ఒక్క చరణం అందిస్తే సభంతా దాన్ని సాగదీసి పాడుతుంది. మన భజనల్లో ముందు ఒకరు అంటే వెనక అందరూ అందుకోవడం లాంటిదే, కాకపోతే తాళం ఉండదు, తొందర ఉండదు. 1997లో స్మిత్‌సోనియన్ సంస్థ ఆ పాటల్ని రికార్డుగా తెచ్చింది.

ఆ దృష్టితో చూస్తే సంగీతం కూడా కృపే. ఉచితంగా వచ్చింది, ఉచితంగా పోవాలి. దానికి నిధి ఏర్పాటుచేసి, దరఖాస్తు పెట్టించి, కమిటీ కూర్చోబెట్టి, ఒక పిల్లకు ఇచ్చి ఇంకో పిల్లకు లేదనడం వరాన్ని పద్దుల్లోకి ఎక్కించడమే అవుతుంది. పైగా డబ్బిచ్చేవాడు ఏది నేర్పాలో కూడా చెబుతాడన్నది వాళ్ల భయం.

ఆ భయానికి ఆధారం లేకపోలేదు. ఇదే గ్రేసన్ కౌంటీ ప్రాంతంలో, వైట్‌టాప్ కొండ మీద, 1931 నుంచి 1939 దాకా పెద్ద జానపద ఉత్సవం జరిగేది. 1933లో అధ్యక్షుడి భార్య ఎలినార్ రూజ్‌వెల్ట్ కూడా వచ్చి చూశారు. నిర్వాహకుల్లో ముఖ్యుడు జాన్ పవెల్, పియానో విద్వాంసుడు, స్వరకర్త. తెల్లవాళ్ల రక్తం కలుషితం కాకూడదని ఆంగ్లో-శాక్సన్ క్లబ్బులు పెట్టినవాడు. వర్జీనియాలో జాత్యంతర వివాహాల్ని నిషేధించిన 1924 నాటి చట్టం కోసం గట్టిగా పనిచేసినవాడు. కొండ సంగీతం శుద్ధమైన ఆంగ్లేయ వారసత్వమని అతని సిద్ధాంతం. ఆ వేదిక మీదికి నల్లవాళ్లను రానివ్వలేదు. బాంజో ఆఫ్రికానుంచి బానిసలుగా తెచ్చినవాళ్లతో వచ్చిన వాయిద్యం. ఆ వాయిద్యాన్ని వేదికెక్కించి, దాన్ని తెచ్చినవాళ్ల సంతతిని కిందే నిలబెట్టారు. గౌరవించే పేరుతో ఒక సంప్రదాయాన్ని సగానికి కత్తిరించవచ్చని ఆ కొండే చూపించింది.

కాబట్టి నిధి పెట్టేవాళ్లు ప్రిమిటివ్ బాప్టిస్టుల అభ్యంతరాన్ని ఎదురుగా పెట్టుకుని పనిచేయాలి. అంతమాత్రాన నిధే వద్దనడం సరికాదు. బోధకుడికి జీతం లేకపోతే పొలం ఉంది. 1827లో ఉంది. ఆ తర్వాత కొండలు మారాయి. బొగ్గు గనులు వచ్చాయి, యంత్రాలొచ్చి గని పనులు తగ్గాయి, జనం డెట్రాయిట్, సిన్సినాటి లాంటి నగరాలకు తరలిపోయారు. పక్కింటి తాత వరండాలో ఫిడేలు వాయిస్తుంటే విని నేర్చుకునే పిల్లలకు ఇప్పుడు పక్కింటి తాత లేడు. ఆయన ఉన్న ఊరికి వెళ్లిరావడానికి ఖర్చవుతుంది, వాయిద్యానికి ఖర్చవుతుంది, సాయంత్రం పార్ట్‌టైం పని మానుకుని సాధన చేయడానికీ ఖర్చవుతుంది. కృపకు వెల లేదన్నది నిజమే. దాన్ని అందుకునే సమయానికి మాత్రం వెల ఏర్పడింది.

నార్త్ కరోలినాలో విల్క్స్‌బరో పట్టణపు కమ్యూనిటీ కాలేజీలో ఏటా ఏప్రిల్ చివర జరిగే మెర్ల్‌ఫెస్ట్ చరిత్రలో ఈ విషయం ఇంకా లోతుగా కనిపిస్తుంది. దాని వెనకున్న మనిషి డాక్ వాట్సన్. 1923లో డీప్ గ్యాప్ దగ్గర పుట్టారు. ఏడాది రెండేళ్ల వయసులోనే కంటి జబ్బుతో చూపు పోయింది. తండ్రి చర్చిలో పాటలు పాడించేవారు. కొడుక్కి చిన్న బాంజో ఒకటి చేసిచ్చారు. తనకు పద్నాలుగేళ్లప్పుడు ఆ తండ్రి చేసిన మరో పని గురించి డాక్ పెద్దయ్యాక కూడా చెప్పుకునేవారు. ఇద్దరు చెరో కొస పట్టుకుని దుంగలు కోసే పెద్ద రంపానికి ఒక వైపు గుడ్డి కొడుకును నిలబెట్టారు. తాను కూడా పనికొస్తానని మొదటిసారి తెలిసింది అప్పుడేనని డాక్ అనేవారు.

చెస్ట్‌నట్ చెట్లకు తెగులు సోకి అమెరికా తూర్పు అడవులు ఎండిపోయిన కాలం అది. పొలంలో చచ్చిపోయిన చెట్లను డాక్, ఆయన తమ్ముడు డేవిడ్ నరికి అమ్మారు. ఆ డబ్బుతో సియర్స్ కంపెనీ నుంచి గిటార్ తెప్పించుకున్నారు. దానికి ముందు మొదటి గిటార్ వచ్చిన వైనం కూడా ఇలాంటిదే. సాయంత్రానికి ఒక పాట నేర్చుకుంటే నీ డబ్బుకు నా డబ్బు కలిపి కొనిపెడతానన్నారు తండ్రి. డాక్ నేర్చుకున్నారు, పన్నెండు డాలర్ల స్టెల్లా గిటార్ ఇంటికొచ్చింది. దానధర్మాలపై పుస్తకాలు చదివినవాళ్లకు ఇక్కడ యూదు ఆచార్యుడు మైమోనిడిస్ గుర్తుకొస్తాడు. పన్నెండో శతాబ్దంలో ఆయన దానాన్ని ఎనిమిది మెట్లుగా వర్గీకరించాడు. మనిషిని తన కాళ్ల మీద నిలబెట్టి, మళ్లీ చెయ్యి చాచాల్సిన అవసరం లేకుండా చేసే సాయానిది అన్నిటికన్నా పై మెట్టు. డాక్ తండ్రికి మైమోనిడిస్ పేరు తెలిసి ఉండే అవకాశం లేదు. రంపం అందించినప్పుడు ఆయన ఆ పై మెట్టు మీదే నిలబడ్డారు.

డాక్ కొడుకు మెర్ల్. 1964లో తండ్రి ఊరూరా కచేరీలకు తిరుగుతుంటే ఇంట్లో తల్లి రోజా లీ ఆ పిల్లవాడికి గిటార్ మొదలుపెట్టించారు. తండ్రి తిరిగొచ్చేసరికి కొడుకు వాయిస్తున్నాడు. అప్పట్నించి ఇరవై ఏళ్లు మెర్ల్ తండ్రికి జోడీగా వాయించాడు, కారు తోలాడు, చూపయ్యాడు. 1985 అక్టోబరులో ట్రాక్టర్ ప్రమాదంలో చనిపోయాడు. అప్పటికి అతని వయసు 36.

మెర్ల్ జ్ఞాపకంగా కాలేజీలో ఒక తోట వేయాలనుకున్నారు. చూపులేనివాళ్లు వాసనతో, స్పర్శతో తిరగగలిగిన తోట. దానికి డబ్బు కోసం 1988లో ఒక కచేరీ పెట్టమని డాక్‌ను అడిగారు. రెండు లారీల వెనకభాగాల్ని కలిపి వేదికగా చేసి మొదలుపెట్టిన ఆ కచేరీ ఆగలేదు. నాలుగు రోజుల ఉత్సవంగా పెరిగి కాలేజీకి ముఖ్యమైన ఆదాయమైంది. దాని మీద వచ్చిన డబ్బు విద్యార్థుల స్కాలర్‌షిప్పులకు, భవనాలకు, చదువుకు సంబంధించిన ఇతర అవసరాలకు వెళ్తుంది.

ఇక్కడ పుణ్యం చేసే క్రమం తిరగబడింది. మన ఇళ్లల్లో తండ్రి పేరు చెప్పి కొడుకు తిలోదకాలిస్తాడు. డాక్ వాట్సన్ కొడుకు పేరు మీద 2012 ఏప్రిల్ దాకా, తన 89వ ఏట దాకా, ఆ ఉత్సవంలో వాయించారు. నెల తర్వాత మే 29న కన్నుమూశారు. ఆ వేదిక మీద పోగైన డబ్బుతో చదువుకున్నవాళ్లు అందరూ సంగీత విద్యార్థులు కారు. అది కమ్యూనిటీ కాలేజీ, అక్కడ నర్సింగు మొదలు చేతిపనుల దాకా నేర్పుతారు. సంగీతకారుడి పేరుతో వచ్చిన సొమ్ము సంగీతం నేర్చుకోని పిల్లలకు వెళ్లడం తప్పని కొందరికి అనిపించవచ్చు. రంపం పట్టి తన విలువ తెలుసుకున్న మనిషి కుటుంబం విషయంలో అది తప్పు కాదు.

పేరు సంగతి వేరు. కుడిచెయ్యి చేసింది ఎడమచేతికి తెలియకూడదని మత్తయి సువార్త చెబుతుంది. మైమోనిడిస్ కూడా ఇచ్చేవాడికీ పుచ్చుకునేవాడికీ ఒకరినొకరు తెలియని దానాన్ని పై నుంచి రెండో మెట్టు మీద పెట్టాడు. గీత పదిహేడో అధ్యాయం, తిరిగి ఏ ఉపకారమూ చేయలేనివాడికి, ఇవ్వాలి కాబట్టి ఇచ్చేది సాత్త్విక దానమంది. ముగ్గురూ కీర్తికాంక్షను దూరం పెట్టమన్నారు. పేరున్న స్కాలర్‌షిప్పు ఆ పరీక్షలో నెగ్గుతుందా? నెగ్గుతుంది, ఆ పేరు దాతది కానప్పుడు. సంగీతకారుడి పేరు పెడితే దాత వెనక్కి తప్పుకుంటాడు. డాక్ ఆ వినయాన్ని ఇంకో అడుగు ముందుకు తీసుకెళ్లారు. 2011లో బూన్ పట్టణంలో ఆయన విగ్రహం పెడతామంటే, తాను జనంలో ఒకణ్ణని మాత్రమే దాని మీద రాయాలన్నారు. అలాగే రాశారు.

కానీ పేరు పెట్టే పనిలో అన్యాయం కూడా జరుగుతుంది. డాక్ ఆ సాయంత్రం నేర్చుకుని గిటార్ గెలుచుకున్న పాట కార్టర్ కుటుంబం అనే గాయక బృందానిది. ఆ కుటుంబ పెద్ద ఏపీ కార్టర్ పాటలు సేకరించడానికి కొండలన్నీ తిరిగేటప్పుడు లెస్లీ రిడిల్ అనే నల్లజాతి గిటారిస్టు వెంట ఉండేవాడు. కార్టర్ మాటలు రాసుకునేవాడు. రిడిల్ వరసలు గుర్తుపెట్టుకుని ఇంటికి తెచ్చేవాడు. ఆ బృందంలో గిటార్ వాయించే మేబెల్ కార్టర్ కూడా రిడిల్ వాయింపు చూసి నేర్చుకున్నారు. రికార్డుల మీద రిడిల్ పేరు లేదు. ఋషి ఋణం తీర్చేముందు ఋషి ఎవరో సరిగ్గా తెలుసుకోవాలి. మన వైపూ ఈ లోపం ఉంది. చదువుతో ఋణం తీరుతుందన్న ఆ వేదవాక్యం ఒక్క వర్ణాన్ని ఉద్దేశించి చెప్పిందే. ఏకలవ్యుడి బొటనవేలు అందరికీ తెలిసిన కథ.

మూసిన తలుపును డబ్బు తెరిచిన సందర్భాలూ ఉన్నాయి. ఉంఛవృత్తితో బతికి రాజుల కానుకల్ని కాదన్న త్యాగరాజుకు తిరువయ్యూరులో సమాధి మందిరం కట్టించింది దేవదాసీ కుటుంబంలో పుట్టిన బెంగుళూరు నాగరత్నమ్మ. 1920ల్లో ఆమె తన సంపాదన దానికి ధారపోశారు. అప్పట్లో ఆరాధనలో ఆడవాళ్లను పాడనిచ్చేవారు కాదు. ఆమె పోట్లాడి ఆ హక్కు సాధించారు. ఆమె డబ్బు రాతిగోడ దగ్గర ఆగలేదు, వెలివేతకు గురైనవాళ్లను ఆ గోడ లోపలికి తెచ్చింది.

అమెరికాలో అలాంటి ప్రయత్నానికి ఆర్నల్డ్ షుల్ట్జ్ పేరు పెట్టారు. ఆయన 1886లో పశ్చిమ కెంటకీలో పుట్టిన నల్లజాతి బొగ్గుగని కార్మికుడు, గిటార్, ఫిడేలు రెండిట్లోనూ మేటి. బ్లూగ్రాస్ సంగీతానికి ఆద్యుడనే బిల్ మన్రో కుర్రతనంలో ఆయన పక్కన కూర్చుని నాట్యాలకు వాయించాడు, ఆ రుణాన్ని జీవితాంతం చెప్పుకున్నాడు. షుల్ట్జ్ 1931లో పోయారు. ఒక్క రికార్డు లేదు. 2020లో అంతర్జాతీయ బ్లూగ్రాస్ సంఘపు ఫౌండేషన్ ఆయన పేరుతో నిధి పెట్టి, ఆ సంగీతంలోకి తెల్లవారు కానివాళ్లు రావడానికి సాయం చేస్తోంది. షుల్ట్జ్ ఎలా వాయించారో వినిపించేందుకు ఆ నిధి దగ్గర ఏమీ లేదు. ఆయనకు దొరకని చోటు ఇవ్వగలదు, ఇస్తోంది. వైట్‌టాప్ వేదిక మీద జరిగినదానికి ఇది ఆలస్యంగా వచ్చిన, సరైన జవాబు.

తెలుగు నేల మీద ఇదే ప్రశ్న నల్లమల వైపు నుంచి వినిపిస్తుంది. నాగర్‌కర్నూల్ జిల్లాకు చెందిన పన్నెండు మెట్ల కిన్నెర కళాకారుడు దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కూలిపనికి వెళ్తున్నారన్న వార్తలు వచ్చాయి. గౌరవం, బతుకు రెండూ ఒకటి కావని ఇంతకంటే స్పష్టంగా చెప్పనక్కర్లేదు. బతికున్న కళాకారుడి కడుపు నింపడం మొదటి బాధ్యత, ఆయన పేరుతో పెట్టే ఏ నిధీ దాన్ని తప్పించుకోకూడదు. కానీ అక్కడితో ఆగినా కిన్నెరకు అన్యాయమే. ఆయన పక్కన కూర్చుని మెట్లు పట్టడం నేర్చుకునే కుర్రవాడికి ఆ రోజుల్లో కూలి ఎవరిస్తారన్నది కూడా అడగాలి.

నార్త్ కరోలినాలోని అల్లెఘనీ కౌంటీలో 2000లో హెలెన్ వైట్ దీనికి ఒక దారి చూపారు. ఆమె బడిలో కౌన్సెలర్, ఫిడేలు వాయించేవారు. బడి అయ్యాక పిల్లల్ని కూర్చోబెట్టి, వాయిద్యాలు అరువిచ్చి, స్థానిక వాయిద్యకారుల చేతనే పాఠాలు చెప్పించే కార్యక్రమం మొదలుపెట్టారు. జూనియర్ అప్పలాచియన్ మ్యూజీషియన్స్ అనే ఆ కార్యక్రమం తర్వాత పొరుగు రాష్ట్రాలకూ పాకింది. ఎంపిక చేసిన ఒక్కరికి పెద్ద మొత్తం ఇవ్వడంకన్నా, ఊళ్లో పాతికమంది పిల్లలకు ఫిడేలు చేతికివ్వడం మేలని చాలామంది అంటారు. నిజానికి రెండూ కావాలి. పాతికమంది లేకపోతే ఆ ఒక్కరు ఎక్కడినుంచి వస్తారో తెలియదు. ఆ ఒక్కరు దూరం వెళ్లి లోతుగా నేర్చుకుని రాకపోతే పాతికమందికి నేర్పేవారు మిగలరు.

నిధి కమిటీల్లో ఇంకో వాదన తరచుగా వస్తుంది. స్కాలర్‌షిప్పు తీసుకున్న పిల్ల సంగీతాన్నే వృత్తిగా తీసుకోకపోతే ఆ డబ్బు వృథానా? అలాంటి షరతు పెట్టాలా? ఈ కొండల చరిత్ర తెలిసినవాళ్లు పెట్టకూడదనే అంటారు. ఈసీ బాల్ బస్సు తోలారు. హాష్ యంత్రాల దగ్గర పనిచేశారు. హెండర్సన్ ఉత్తరాలు పంచారు. షుల్ట్జ్ గనిలోకి దిగారు. వీళ్లెవరూ పూర్తిగా పాట మీదే బతికినవాళ్లు కారు, అయినా పాట వీళ్ల వల్లే నిలిచింది. రేపు ఆ పిల్ల ఏ షార్లెట్ నగరంలోనో ఆసుపత్రిలో పనిచేస్తూ, సెలవురోజు స్నేహితులతో కూర్చుని హాష్ వాయించిన వరసలు వాయించుకుంటే నిధి ఉద్దేశం నెరవేరినట్టే. దరఖాస్తులో ఆమెను అడగాల్సింది ఎవరి దగ్గర నేర్చుకుంటావు, వారానికి ఎన్ని గంటలు కూర్చోగలవు, నీ దగ్గర వాయిద్యం ఉందా అని.